ఉగాది – మేష సంక్రాంతి: మన సంవత్సరాది తేదీ ఏల మారును?

చైత్ర శుద్ధ పాడ్యమినాటి ఉదయమున మన కుంభారి వీథులలో నడచి చూచినచో ఒక వింత కన్పట్టును. ఒక యింటి గడపకు మామిడాకుల తోరణము కట్టి, కొత్త కుండలో వేపపూత, మామిడికాయ, కొత్త చింతపండు, బెల్లము కలిపి పచ్చడి చేయుచుందురు. దాని ప్రక్క యింట వెదురుగడకు పట్టువస్త్రము చుట్టి, వేపమండలు, మామిడి కొమ్మలు, చక్కెర బిళ్లల దండ కట్టి, పైన రాగిచెంబు బోర్లించి నిలువబెట్టుదురు. మరి రెండిండ్ల అవతల కన్నడము మాటాడువారు వేపచిగురును బెల్లమును కలిపి పిల్లల చేతిలో పెట్టుదురు. ముగ్గురకును అది సంవత్సరాదియే. ఒకరు ఉగాది యందురు, ఒకరు గుఢీ పాడ్వా యందురు, ఇంకొకరు యుగాది యందురు.

ప్రతి యేటను ఈ పండుగకు ముందు మా విద్యార్థులు మూడు ప్రశ్నలు అడుగుచుందురు. మన పండుగయు పొరుగువారి పండుగయు ఒకటేనా? సంక్రాంతి ఎప్పుడును జనవరి నడుమనే వచ్చుచుండగా ఉగాది తేదీ ఏల మారును? తమిళులు, మలయాళులు, బెంగాలీలు ఏప్రిల్ నడుమ సంవత్సరాది చేసికొనుట ఏమి కారణము? ఈ మూడింటికిని సమాధానము ఒక్కచోటనే యున్నది. దానిని మాకు తెలిసినంత వివరింప దలచితిమి. తల్లిదండ్రులు కూడ చదివి పిల్లలతో ముచ్చటింతురని మా ఆశ.

పేరులో నున్న చుట్టరికము

మొదట పేర్లు చూతము. యుగము, ఆది అను రెండు మాటలు కలిసి యుగాది యైనది. అదియే తెలుగు నోట ఉగాది యయ్యెను. కన్నడిగులు యుగాదియనియే పలుకుదురు. మరాఠీవారి పాడ్వా యను మాట వినుటకు వేరుగా తోచును గాని, అది మన పాడ్యమికి తోబుట్టువే. ప్రతిపద యను సంస్కృత పదమునుండి మనకు పాడ్యమియు, వారికి పాడ్వాయు పుట్టినవి. పక్షమునందలి మొదటి తిథి యని రెండింటికి నర్థము.

గుఢీ యను మాటను విని మన చిన్నపిల్లలు దేవుని గుడి యనుకొనుట కద్దు. ఆ పొరపాటు సహజమే. మరాఠీలో గుఢీ యనగా ఎత్తిన ధ్వజము. మన గుడి వేరు, వారి గుఢీ వేరు. మాట ఒకటిగా వినబడి అర్థము వేరగుటయు, మాట వేరుగా వినబడి అర్థము ఒకటియగుటయు, రెండును ఈ యొక్క పండుగ పేరులోనే యుండుట చూడుడు. రెండు మూడు భాషల నడుమ పెరుగు పిల్లలకు ఇది మంచి పాఠము.

చంద్రుని నెల, సూర్యుని యేడు

ఇక తేదీల సంగతి. ఆకాశమున కాలమును కొలుచుటకు మన పెద్దలకు రెండు గడియారము లుండెను. ఒకటి చంద్రుడు, రెండవది సూర్యుడు.

చంద్రుడు ఒక అమావాస్యనుండి మరల అమావాస్యకు వచ్చుటకు సుమారు 29½ దినములు పట్టును. అట్టి నెలలు పండ్రెండు కూడినచో 354 దినము లగును. సూర్యుడు మేషము మొదలుగా గల పండ్రెండు రాశులను చుట్టి వచ్చుటకు సుమారు 365¼ దినములు పట్టును. సూర్యుడు ఒక రాశినుండి వేరొక రాశిలో ప్రవేశించుటకే సంక్రమణము లేక సంక్రాంతి యని పేరు. నిజమునకు తిరుగునది భూమియే. అయినను భూమి మీద నిలిచి చూచువారికి సూర్యుడు కదలినట్లు తోచును గనుక పంచాంగము ఆ విధముగనే చెప్పును.

చంద్రుని పండ్రెండు నెలలకును, సూర్యుని యేటికిని పదునొకండు దినముల తేడా యున్నది గదా. ఆ తేడాను ఏమి చేయవలెను? లోకమున దీనికి మూడు మార్గములు కలవు.

మొదటి మార్గము చంద్రునే నమ్మి, తేడాను విడిచిపెట్టుట. మన వీథిలోని ముసల్మాను సోదరుల పంచాంగము ఇట్టిది. అందుచేతనే రంజాను మాసము ఏటేట పది పదునొకండు దినములు ముందునకు జరుగుచు, ఒకప్పుడు ఎండకాలమున, ఒకప్పుడు వానకాలమున, మరొకప్పుడు చలికాలమున వచ్చును.

రెండవ మార్గము సూర్యునే నమ్ముట. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించిన దినమే సంవత్సరాది. ఈ మేష సంక్రాంతి ఇప్పుడు ఏప్రిల్ 14వ తేదీ ప్రాంతమున వచ్చును. తమిళుల పుత్తాండు, మలయాళుల విషు, తుళువారి బిసు, ఒరియావారి పణా సంక్రాంతి, బెంగాలీల పహేలా వైశాఖ్, అస్సామీల రంగాలీ బిహు, పంజాబీల వైశాఖీ, ఇవియన్నియు ఈ మార్గమునకు చెందినవి.

మూడవ మార్గము ఇద్దరిని కలుపుట. నెలలు చంద్రునివి, యేడు సూర్యునిది. ఇదియే తెలుగువారి, కన్నడిగుల, మరాఠీల మార్గము. దీనిని చాంద్రసౌరమానము అందురు. మగ్గము నెరిగిన మన యిండ్లవారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. సూర్యుని గమనము పడుగు, చంద్రుని నెలలు పేక. పడుగు నిలుకడగా నుండును. పేక దానిలో దూరుచు వచ్చుచుండును. రెండును లేక బట్ట కాదు.

ఉగాదికి కట్టుకొయ్య

ఇచట ఒక ముఖ్యవిషయము గమనింపుడు. ఉగాది చంద్రుని పండుగయే యైనను, దానికి కట్టుకొయ్య సూర్యుడే. ఏ చాంద్రమాసములో సూర్యుడు మేషరాశిని ప్రవేశించునో అది చైత్రమాసము. అనగా మేష సంక్రాంతికి ముందు వచ్చు అమావాస్య వెళ్లిన పాడ్యమియే ఉగాది. పలుపుతో కొయ్యకు కట్టిన ఆవు ఆ పలుపు పొడవు మేర తిరుగునే గాని దాటిపోలేదు. అట్లే ఉగాదియు మేష సంక్రాంతికి ముందు ఒక నెలలోపలనే తిరుగుచుండును.

ఉదాహరణము చూతము. 2023లో ఉగాది మార్చి 22న వచ్చినది. 2024లో ఏప్రిల్ 9న వచ్చినది. 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చినవి. 2024నుండి 2025కు పది దినములు, అచటినుండి 2026కు పదునొకండు దినములు వెనుకకు జరిగినది. ఇది చంద్రుని 354 దినముల లెక్క. మరి 2023నుండి 2024కు వెనుకకు జరుగుటకు మారుగా పదునెనిమిది దినములు ముందుకు ఎట్లు దూకినది?

దానికి కారణము అధికమాసము. తేడా కూడి కూడి సుమారు ముప్పదిరెండు, ముప్పదిమూడు నెలల కొకసారి ఒక నెలకు సరిపోవును. అప్పుడు ఒక చాంద్రమాసము మొదలై ముగియునంతలో సూర్యుడు రాశి మారకయే యుండును. సంక్రాంతి లేని ఆ నెలను అధికమాసమని లెక్కించి, తరువాతి నెలకు అదే పేరు మరల పెట్టుదురు. 2023లో జులై 18 మొదలు ఆగస్టు 16 వరకు అధిక శ్రావణము వచ్చినది. అందుచే ఆ యేటికి పదుమూడు నెలలై, 384 దినములకు గాని మరల ఉగాది రాలేదు. పందొమ్మిది యేండ్లలో ఇట్టి అధికమాసములు ఏడు వచ్చును.

దీని ఫలితము మన పద్మశాలీల యిండ్లలో అందరును చూచినదే. శ్రావణ శుద్ధ పూర్ణిమను మనము నూలి పున్నమి యందుము. ఆనాడు సోలాపురమున మార్కండేయ మహర్షి రథోత్సవము జరుగును. 2022లో నూలి పున్నమి ఆగస్టు రెండవ వారమున వచ్చినది. అధికమాసము లేకున్నచో 2023లో అది ఆగస్టు మొదటి తేదీకే రావలసియుండెను. కాని నెలాఖరున వచ్చినది. ఆ యేడు రథము ఆలస్యమైనదని తలచినవారికి కారణ మిదియే. మగ్గములవారు పేక తప్పిన చోట ఆగి సరిచేసికొని మరల నేయుదురు. పంచాంగమును అట్లే తన్ను తాను సరిచేసికొనును.

ఇక సిద్ధేశ్వరుని గడ్డా యాత్రను తలచుకొనుడు. నందిధ్వజములు వీథులవెంట కదలు ఆ యుత్సవము మకర సంక్రాంతికి కట్టుబడినది. అది సూర్యుని పండుగ గనుక ప్రతి యేటను జనవరి నడుమనే వచ్చును. రథోత్సవము తేదీ మారుటయు, గడ్డా యాత్ర తేదీ మారకుండుటయు మన యూరిలోనే ఆకాశశాస్త్రమును నేర్పు రెండు పాఠములు.

సూర్యుని సంవత్సరాది చేయువారు

మేష సంక్రాంతిని సంవత్సరాదిగా నెంచువారి ఆచారములు తెలిసికొనుట ఆనందదాయకము. కేరళమున విషునాటి తెల్లవారుజామున పిల్లలను కన్నులు మూయించి తీసికొని వచ్చి, ముందునాటి రాత్రియే అమర్చిన బియ్యము, దోసకాయ, కొబ్బరి, బంగారము, అద్దము, పసుపు వన్నె కొన్నపూలు, దీపము మొదట కన్పట్టునట్లు చేయుదురు. దానికి విషుక్కణి యని పేరు. పిమ్మట పెద్దలు చిన్నవారి చేతిలో నాణెములు పెట్టుదురు. తమిళులు పుత్తాండునాడు మామిడికాయ, బెల్లము, వేపపూవు కలిపి పచ్చడి చేయుదురు. మన పచ్చడియు వారి పచ్చడియు దాదాపు ఒకటే. వేప పూచి, మామిడి కాచు కాలము అందరికిని ఒకటే గదా.

ఒరిస్సాలో మారేడు పండు గుజ్జుతో పానకము చేసి పంచుదురు. తులసికోటపైన అడుగున చిల్లి గల కుండను వ్రేలాడగట్టి, వేసవియందు ఆ మొక్కపై నీరు బొట్టు బొట్టుగా పడునట్లు చేయుదురు. బెంగాలు వర్తకులు ఆనాడు కొత్త ఖాతాపుస్తకములు తెరతురు. పంజాబున గోధుమ కోతల వేళ వైశాఖీ వచ్చును. 1699లో గురు గోవిందసింగు ఖాల్సాను నెలకొల్పినది ఈ పండుగనాడే.

నేతవారమగు మనకు అస్సాము సంగతి మరింత రుచించును. బిహు పండుగకు అచటి స్త్రీలు ఇంటి మగ్గముపై గమోసా యను ఎఱ్ఱ అంచు తెల్ల తుండుగుడ్డను నేసి పెద్దలకు, ఆప్తులకు కానుకగా నిత్తురు. పండుగకు ముందు ఊరూర మగ్గపు చప్పుడు వినవచ్చును. సోలాపురము చాదరు నేయు చేతులకు, గమోసా నేయు చేతులకు మాట తెలియకపోయినను పని తెలియును. సముద్రము దాటినను ఈ పండుగ కలదు. సింహళమునందును, బర్మా, కంబోడియా దేశములందును ఏప్రిల్ నడుమనే సంవత్సరాది. థాయి దేశమున దానిని సొంగ్‌క్రాన్ అందురు. ఆ మాట మన సంక్రాంతియే.

ఇచట బుద్ధిమంతులగు విద్యార్థు లొక ప్రశ్న వేయవచ్చును. పగలును రాత్రియు సమానమగు విషువత్తు మార్చి 20, 21 తేదీలలో వచ్చుచుండగా మేష సంక్రాంతి ఏప్రిల్ 14కు ఏల జరిగినది? పూర్వము ఆ రెండును ఒకే దినమున వచ్చెడివి. భూమి యక్షము మిక్కిలి మెల్లగా దిశ మార్చుకొనుచుండుటచే, నక్షత్రములను బట్టి లెక్కించు సంవత్సరము ఋతువులను బట్టి లెక్కించు సంవత్సరముకంటె సుమారు ఇరువది నిమిషములు పెద్దది. అది డెబ్బది రెండేండ్లకు ఒక దినమగును. పదునేడు వందల యేండ్లలో ఇరువదినాలుగు దినములైనది.

ఈ తేడాను గుర్తించి దేశమునకంతటికి ఒక పంచాంగము నేర్పరచుటకై 1952లో ఒక సంఘము నియమింపబడెను. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు మేఘనాథ సాహా దానికి అధ్యక్షుడు. ఆ సంఘము సూచించిన జాతీయ పంచాంగము 1957 మార్చి 22న, శక సంవత్సరము 1879 చైత్రము 1న, అమలులోనికి వచ్చినది. అందు చైత్రము మొదటి దినము ఎల్లప్పుడు మార్చి 22. లీపు సంవత్సరమున మాత్రము మార్చి 21. కావున భారత ప్రభుత్వపు సంవత్సరాదియు సూర్యునిదే. మన పండుగలు మాత్రము పూర్వపద్ధతినే నడచుచున్నవి.

అవ్వ పుట్టిన యేడు

మన సంవత్సరములకు ప్రభవ మొదలు అక్షయ వరకు అరువది పేర్లు కలవు. తెలుగు పంచాంగమునందును, గోడకు వ్రేలాడు మరాఠీ కాలెండరునందును ఒక యేటికి ఒకే పేరుండును. 2026 ఉగాదితో మొదలైన యేడు రెండింటను శక సంవత్సరము 1948, పరాభవనామ సంవత్సరము. తమిళులకును ఇవే పేర్లు. కాని వారి పరాభవ ఏప్రిల్ 14న మొదలగును. ఉత్తరదేశమున బృహస్పతి గతిని బట్టి పేర్లు లెక్కింతురు గనుక అచట అదే యేటికి వేరు పేరుండును.

పేరు కనుగొనుటకు సులభమైన లెక్క యున్నది. ఉగాది పిమ్మటి ఇంగ్లీషు సంవత్సరమునుండి 78 తీసివేసిన శకసంవత్సరము వచ్చును. దానికి 12 కూడి, 60చే భాగింపగా మిగిలిన శేషమే పేరు వరుస సంఖ్య. శేషము సున్న యైనచో అరువదవదగు అక్షయ. 2026నుండి 78 పోగా 1948. దానికి 12 కలుపగా 1960. 60చే భాగించిన శేషము 40. నలువదవ పేరు పరాభవ.

ఇది వట్టి లెక్క కాదు. మన పేటలలోని వృద్ధులలో అనేకులకు పుట్టిన తేదీ తెలియదు. “నేను ప్లవలో శ్రావణమాసాన పుట్టితిని” అని చెప్పుదురు. ప్లవ ముప్పదియైదవ పేరు. అది 2021లో వచ్చినది. దానికి ముందు అరువదేండ్ల క్రిందట, 1961లో వచ్చినది. ఆ యవ్వ 1961 శ్రావణమున పుట్టినదని ఆరవ తరగతి పిల్లవాడు చెప్పగలడు. కచ్చేరికి ఇది సాక్ష్యపత్రము కాకపోవచ్చును. అయినను ఎవరును ఎన్నడును లెక్కింపని ఒక బ్రదుకునకు లెక్క దొరకును. తన వయస్సు తన మనుమడు చెప్పగా విన్న అవ్వ మొగము చూడుడు. ఈ చదువెందులకని పిమ్మట ఎవరును అడుగరు.

మన చేతిలో నున్న పని

మన తాతలు తెలంగాణపు పల్లెలనుండి మగ్గపు పనికై, మిల్లు పనికై సోలాపురము చేరిరి. సాఖర పేట, భవానీ పేట వంటి పాత పేటలలో తెలుగిండ్లు గుంపులుగా నుండుటచే ఉగాదినాడు ఎవరో ఒకరు పంచాంగము చదువగా పదిమంది కూర్చుండి వినెడివారు. కుంభారి సంగతి వేరు. 2006లో బీడీ పనిచేయు స్త్రీలకై ఇచట 10,000 ఇండ్లు లేచినవి. 2024 జనవరి 19న రేనగరులో మరి 15,000 ఇండ్లు కార్మికులకు అంకితమైనవి. ఇల్లు దొరకినది, అది మేలు. కాని ఇక్కడ తెలుగిల్లు ఒకటి, మరాఠీయిల్లు ఒకటి, కన్నడపు టిల్లు ఒకటి, ఉర్దూ యిల్లు ఒకటి. పాతపేటలోని వాడుక కొత్త యింటికి సామానుతోబాటు బండిలో రాదు. దానిని ఎవరో ఒకరు తేవలయును.

తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు తల్లులలో పెక్కుమంది తెలుగు మాటాడుదురు గాని చదువలేరు. ఇంట చదువగలవాడు పిల్లవాడు మాత్రమే. ఆ పిల్లవాడును చదువనిచో ఉగాదినాడు పచ్చడియు, భక్ష్యములును మిగులును గాని పంచాంగము మూగవోవును. కొన్నియేండ్లకు పచ్చడిలో వేపపూవు ఏల వేయుదురో చెప్పువారును ఉండరు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పండుగకు కొత్తబట్టలు కొనలేకపోయినను చింత లేదు. పది నిమిషములు పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని తెలుగు పంచాంగము చదివింపుడు. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను అయిదంగముల పేర్లు చదివిన చాలును. ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు చదువునప్పుడు మాత్రము వ్యయము హెచ్చుగా నున్నదని దిగులు పడవలదు. ఒక రాశివారందరి సంపాదన ఒకటి కాదని వారపు కూలి తెచ్చుకొనువారికి మేము చెప్పనక్కరలేదు.

విద్యార్థులారా! మీరు చేయవలసినది మరియొకటి. పచ్చడి కొంత గిన్నెలో పోసి పొరుగింటికి తీసికొనిపొండు. అచట గుఢీకి కట్టిన చక్కెరదండలో ఒక బిళ్ల మీ చేతిలో పెట్టుదురు. మీ పాడ్యమియే వారి పాడ్వా యని మరాఠీలో చెప్పుడు. మేష సంక్రాంతి కొయ్యకు మన యుగాది ఎట్లు కట్టుబడినదో మీకు తెలిసినట్లు చెప్పుడు. తన భాషలో చక్కగా తెలిసికొన్నవాడే పొరుగువాని భాషలో చక్కగా చెప్పగలడు. ఇంటికి తిరిగి వచ్చిన పిమ్మట అవ్వ పుట్టిన సంవత్సరము పేరడిగి, లెక్క కట్టి, పంచాంగపు మొదటి పుటమీద వ్రాసి పెట్టుడు.